కంటికి కనిపించని కాలుష్యం: మురుగులోని నత్రజని, భాస్వరాలకు సూక్ష్మజీవులే విరుగుడు

తూర్పు కనుమల సొరంగాలను దాటి సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గానికి చివరి మజిలీ కిరండూల్. ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ జిల్లాలో, బైలదిల్లా ఇనుప గనుల చెంత వెలసిన పట్టణమిది. ఆ కొండల్లో పుట్టే శంఖిని నది దంతేవాడ వద్ద డంకినితో కలుస్తుంది. ఆ నీరు ఇంద్రావతి మీదుగా గోదావరిని చేరుతుంది. ఖనిజపు మట్టి కలిస్తే శంఖిని ఎర్రబారుతుంది కాబట్టి ఆ కాలుష్యం ఎవరికైనా కనిపిస్తుంది. ఏ పట్టణపు మురుగులోనైనా ఉండే నత్రజని, భాస్వరాలకు మాత్రం రంగు లేదు.

మలమూత్రాలు, వంటింటి వ్యర్థాలు, సబ్బుపొడుల నుంచి ఈ రెండూ మురుగులో చేరతాయి. సాధారణ శుద్ధి కేంద్రాలు ప్రధానంగా కుళ్లే సేంద్రియ పదార్థాన్ని తొలగిస్తాయి. నీరు తేటగా కనిపించినా నత్రజని, భాస్వరాలు చాలావరకు అందులోనే మిగిలిపోతాయి. పొలంలో ఎరువుగా పనిచేసే ఈ పదార్థాలే చెరువులో నాచును, గుర్రపు డెక్కను పెంచుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు మరణిస్తాయి.

నత్రజని తొలగింపు రెండు దశల్లో జరుగుతుంది. గాలి అందించే తొట్టిలో నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 4.57 గ్రాముల ప్రాణవాయువు కావాలి. అందుకే ఈ దశలో విద్యుత్ ఖర్చు అధికం. తరువాత గాలి అందించని తొట్టిలో వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ప్రాణవాయువును వాడుకుని, నత్రజనిని హాని లేని వాయువుగా వాతావరణంలోకి వదులుతాయి.

భాస్వరానికి ఆ మార్గం లేదు. అది వాయువుగా మారి పోదు కనుక సూక్ష్మజీవుల శరీరాల్లోనే బంధించాలి. గాలిగానీ నైట్రేట్‌గానీ లేని తొట్టిలో కొన్ని బ్యాక్టీరియా తమలోని భాస్వరాన్ని విడిచిపెట్టి, ఆ శక్తితో ఆహారాన్ని కూడబెట్టుకుంటాయి. గాలి ఉన్న తొట్టిలోకి రాగానే, విడిచినదానికంటే ఎక్కువ భాస్వరాన్ని పీల్చుకుంటాయి. ఆ సమయంలో మడ్డిని తోడి వేరుచేస్తే భాస్వరమూ దానితో పోతుంది. ఆ మడ్డిని గాలి లేకుండా నిల్వ ఉంచితే, పట్టుకున్న భాస్వరం మళ్లీ నీటిలోకి వస్తుంది.

ఈ విజ్ఞానంలో భారతదేశానికి తొలి వరుసలో స్థానముంది. మురుగు మడ్డి భాస్వరాన్ని వేగంగా గ్రహిస్తుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై 1959లో ప్రకటించారు. 1970వ దశకంలో దక్షిణాఫ్రికా ఇంజనీరు జేమ్స్ బర్నార్డ్, గాలి లేని తొట్టిని ముందుంచే పద్ధతిని తీర్చిదిద్దారు.

నిబంధనలు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరులో శుద్ధి కేంద్రాలకు ప్రకటించిన ప్రమాణాల్లో నత్రజని, భాస్వరాల ప్రస్తావన లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ నిపుణుల సంఘం సూచించిన కఠిన పరిమితులను అమలుచేయాలని ఆదేశించింది. వాటి ప్రకారం లీటరు నీటిలో మొత్తం నత్రజని 10 మిల్లీగ్రాములకు, చెరువులు, సరస్సుల్లోకి వదిలే నీటిలో భాస్వరం 1 మిల్లీగ్రాముకు మించరాదు.

కిరండూల్ వంటి చిన్న పట్టణాలకు వరుస తొట్లే కావాలని లేదు. ఒకే తొట్టిలో వంతులవారీగా గాలిని ఆపుతూ, అందిస్తూ, మడ్డిని తేర్చే పద్ధతి కూడా ఉంది. అయితే నిరంతర విద్యుత్తు, సకాలంలో మడ్డి తొలగింపు, నీటి పరీక్ష తప్పనిసరి. నీటి తేటదనమే కొలమానమైతే ఎగువ పట్టణాలు వదిలిన ఎరువు దిగువ చెరువులకు, నదులకు చేరుతూనే ఉంటుంది.