గుండెలోని తూము ఇరుకైనచో

తూమునకు ఎగువను నీరు ఎంత ఎత్తున నిలిచినదో, దిగువను ఎంత ఎత్తున నున్నదో చూచినచో, లోపల నేమి జరుగుచున్నదో కాలువ క్రింది రైతు గట్టుమీద నుండియే చెప్పగలడు. మట్టముల భేదము కొద్దిగా నున్నచో తూము బాగున్నది. ఎగువను నీరు గట్టు నంటుచు, దిగువను సన్నని ధార బుసకొట్టుచు పోవుచున్నచో ఒండ్రు గాని రాయి గాని అడ్డుపడినది. మనుష్యుని గుండెలోను ఇట్టి తూములు నాలుగు కలవు. వైద్యులు వానిని కవాటములందురు. పైరులను గూర్చి వ్రాయవలసిన మేము గుండెను గూర్చి వ్రాయుటకు కారణము ముందు తెలియగలదు.

ఊపిరితిత్తులలో శుభ్రపడిన రక్తము ఎడమ కర్ణికయను గదిలోనికి వచ్చి, రెండు రెక్కల తలుపుగల మైట్రల్ కవాటముగుండ ఎడమ జఠరికలోనికి దిగును. జఠరిక దానిని దేహమంతటికిని త్రోయును. విశ్రాంతిగా నున్న పెద్దవానియందు నిమిషమునకు సుమారు 5 లీటర్లు ఈ దారిని పోవుచుండును. తెరచిన కవాటపు వైశాల్యము 4 మొదలు 6 చదరపు సెంటీమీటర్లు గనుక, ఎగువ గదిలో ఒత్తిడి ఏమంత హెచ్చు కానక్కరలేదు.

చిన్నతనమున స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చి, సరిగా మాన్పబడక, రుమాటిక్ జ్వరమునకు దారితీసినచో, కీళ్ల వాపు కొన్ని వారములలో పోవును గాని కవాటమునకు తగిలిన దెబ్బ నిలిచిపోవచ్చును. ఏండ్ల తరబడి రెక్కల అంచులు దళసరియై ఒకదానితో నొకటి అతుకుకొనును. దారి 1.5 చదరపు సెంటీమీటర్లకు దిగినచో నేటి వైద్యులు తీవ్రమైన ఇరుకుగా లెక్కింతురు.

దారి సగమైనను పారవలసిన రక్తము తగ్గలేదు గదా. అప్పుడు వేగము రెండింతలు కావలెను. అందులకు ఒత్తిడి భేదము రెండింతలైన చాలదు, నాలుగింతలు కావలెను. ఇది డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన జలశాస్త్ర గ్రంథమునుండి పెరిగిన లెక్క. నేడు ధ్వని తరంగముల యంత్రముతో రక్తపు వేగమును చూచి, సెకనుకు 1 మీటరైనచో భేదము 4 పాదరసపు మిల్లీమీటర్లనియు, 2 మీటర్లైనచో 16 అనియు, 3 అయినచో 36 అనియు కట్టుదురు. 1951లో రిచర్డ్ గోర్లిన్ అను వైద్యుడును, ఇంజనీరైన ఆయన తండ్రియు కలసి, నీటి తూముల లెక్కనే తీసికొని కవాటపు వైశాల్యమును కట్టు సూత్రమును ప్రకటించిరి. ఆ యింట భోజనమువద్ద ఏమి మాటలు జరిగెడివో వినవలసినదే!

ఎగువ గదిలో పెరిగిన ఒత్తిడి అచ్చటనే ఆగక ఊపిరితిత్తులలోనికి ఎగదన్నును. అది సుమారు 25 మిల్లీమీటర్లు దాటినచో, నిండు కాలువ ప్రక్క చేలలో ఊట పుట్టినట్లు, సన్నని నాళములనుండి నీరు ఊపిరితిత్తులలోనికి ఊరును. అదియే ఆయాసము.

మూడేండ్ల క్రిందట మేమొక గ్రామమున వరుస నాట్లు చూపించుచుండగా, ఇరువదియేండ్ల కోడలొకతె రెండు మునుములు సాగకముందే గట్టుమీద చతికిలబడెను. అత్తగారు బద్ధకమనిరి. మేమును త్రాడు పట్టుకొని నిలిచి, “అమ్మాయీ, వరుస చెడుచున్నది” అని గద్దించితిమి. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా నున్నది. కూర్చుండిన కొంతసేపటికి ఆమె నవ్వుచు మాటలాడెను. అందువలననే ఎవరును నమ్మలేదు. ఒక చోట ఉబ్బసమని మందిచ్చిరట.

నమ్మకపోవుటకు కారణమైనదే రోగలక్షణమని మాకు తరువాత తెలిసినది. నాడి నిమిషమునకు 72 సార్లు కొట్టుకొనునపుడు ఒక్కొక్క విడతకు 0.8 సెకను పైచిలుకు దొరకును. 120 అయినచో అర సెకనే. గుండె త్రోయు కాలము అంతగా తగ్గదు, నిండు కాలమే కోతపడును. పనిలో రక్తము హెచ్చుగా పారవలెను, తూము తెరచియుండు కాలమా తగ్గినది! భేదము ఒక్కసారిగా పెరిగిపోవును. కూర్చుండినచో దిగిపోవును.

ఆమెకు గర్భము నిలిచినది. గర్భిణికి రక్తపు పరిమాణము సుమారు 40 నుండి 50 శాతము వరకు పెరుగును, నాడియు హెచ్చును. ఆరవ నెలలో ఆమె పరుండలేక గోడకు చేరగిలి రాత్రులు గడపెను. ఒక తెల్లవారుజామున దగ్గులో గులాబివన్నె నురుగు పడగా, అత్తగారే ఆటో పిలిపించి పెద్దాసుపత్రికి తీసికొనిపోయిరి. కవాటపు దారి 1 చదరపు సెంటీమీటరు, సగటు భేదము 16 మిల్లీమీటర్లు అని తేలినది. ముందు నాడిని నెమ్మదింపజేయుటకును, ఊరిన నీటిని తీయుటకును మందులిచ్చిరి. పిమ్మట తొడ సిరగుండ సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, దాని కొననున్న బుడగను కవాటములో ఉబ్బించి, అతుకుకొనిన అంచులను విడదీసిరి. ఈ పద్ధతిని జపాను వైద్యుడు కాంజి ఇనోవే 1984లో ప్రకటించెను. దారి 1.9 అయినది, భేదము 5కు దిగినది. ఆ రాత్రి ఆమె ఒక్క దిండుతో నిద్రించెను. నెలలు నిండి ఆడుపిల్ల పుట్టినది.

ఆసుపత్రి కాగితము చదువువారికి మరియొక మాట. భేదము తక్కువని వ్రాసినంతమాత్రాన తూము బాగున్నదని అనుకొనరాదు. కాలువలో నీరే సన్నగిలినచో, మూసుకొనిపోయిన తూమువద్దను మట్టములు ఇంచుమించు సమముగనే కనబడును గదా. గుండె కండరము బలహీనపడిన వృద్ధులలో, దేహమునకు రక్తము పోవు అయోర్టిక్ కవాటము గట్టిపడియున్నను, భేదము కొద్దిగా కనబడవచ్చును. అట్టివారికి వైద్యులు మందుతో ప్రవాహమును కొంత పెంచి మరల కొలుతురు. కొలిచిన భేదముతోపాటు ఎంత రక్తము పారుచుండగా కొలిచిరో అడుగవలెను.

ఆ కోడలికి మరల రుమాటిక్ జ్వరము రాకుండ మూడు వారములకొకసారి పెన్సిలిన్ సూది వేయుచున్నారు. మొన్న మేము ఎరువుల లెక్కకై వారింటికి పోయితిమి. గోడనున్న క్యాలెండరులో సూది తేదీలకు అత్తగారు పసుపుతో బొట్లు పెట్టియుంచిరి.