పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలి? డైరీలోనా, క్రోమ్‌లోనా, పాస్‌వర్డ్ మేనేజర్‌లోనా?

2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ పేపర్ లీకేజీ బయటపడ్డప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రూముల్లో ఉండి ప్రిపేర్ అవుతున్నవాళ్ళ పరిస్థితి ఎలా ఉండిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మార్చి 5న జరిగిన ఏఈ పరీక్ష పేపర్ ముందే బయటికి పోయిందని తేలింది. 15న ఆ పరీక్ష రద్దు చేశారు. 17న గ్రూప్-1 ప్రిలిమ్స్, ఏఈఈ, డీఏఓ కూడా రద్దు. గ్రూప్-1 ప్రిలిమ్స్ అంటే 2022 అక్టోబర్ 16న రెండున్నర లక్షల మందికి పైగా రాసిన పరీక్ష. అరెస్టయినవాళ్ళలో వనపర్తి జిల్లాలో పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారని తెలిసేసరికి మన దగ్గర చాలా రోజులు ఇదే ముచ్చట.

మొదట వినిపించిన మాట 'హ్యాకింగ్'. ఎవరో ఎక్కడో నల్ల స్క్రీన్ ముందు కూర్చుని ఏదో చేసేశారనుకున్నాం. తర్వాత పోలీసులు చెప్పింది వేరు. ఆఫీసులోనే పనిచేసేవాళ్ళు కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోకి వెళ్ళి ప్రశ్నపత్రాలు కాపీ చేసుకున్నారన్నది ఆరోపణ. ఆ కంప్యూటర్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ సెక్షన్ అధికారి డైరీలోంచి దొరికాయని విచారణ టైంలో వార్తలొచ్చాయి. తాను డైరీలో రాయనే లేదని ఆ అధికారి చెప్పినట్టు కూడా వచ్చింది. ఎవరి మాట నిజమో కోర్టు తేల్చాల్సిన విషయం. నాకు మాత్రం అందులో ఒకటి బలంగా తగిలింది. ఇంత పెద్ద కేసులో పాస్‌వర్డ్‌ను ఎవరి నుంచి కాపాడాలో వాళ్ళు రష్యాలోనో చైనాలోనో లేరు, అదే బిల్డింగ్‌లో ఉన్నారు.

అందుకే 'బెస్ట్ పాస్‌వర్డ్ మేనేజర్ ఏది' అని నన్ను అడిగినవాళ్ళను నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతా. మీ పాస్‌వర్డ్‌ను ఎవరి నుంచి దాస్తున్నారు? జవాబును బట్టి యాప్ మారిపోతుంది.

దగ్గరివాళ్ళ నుంచి

మన ఊళ్ళల్లో చాలామందికి మొదటి జీమెయిల్ ఇంటర్నెట్ సెంటర్‌లోనే పుడుతుంది. దోస్త్ అప్లికేషన్‌కో, స్కాలర్‌షిప్‌కో, నోటిఫికేషన్‌కో పోతాం. అక్కడున్న అన్న గబగబా ఒక మెయిల్ క్రియేట్ చేసి, అప్లికేషన్ నింపి, ప్రింట్ చేతిలో పెడతాడు. మా వీధి తమ్ముడొకడు ఫోన్ మార్చాక మెయిల్ ఓపెన్ కావట్లేదని నా దగ్గరికొచ్చిండు. పాస్‌వర్డ్ ఏందిరా అంటే, "నాకేమెరుకనే అన్నా, సెంటర్ల అన్ననే పెట్టిండు" అన్నడు. రికవరీ నంబర్ కూడా ఆ సెంటర్ అన్నదే. అంటే ఆ అకౌంట్ పేరుకే వీడిది.

సెంటర్ వాళ్ళను తప్పుపట్టడం లేదు, రోజుకు వంద మంది క్యూలో ఉంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. కానీ అందరికీ ఒకే ప్యాటర్న్‌లో పెడతారు: పేరు, ఒక @, 123. మనం సొంతంగా పెట్టినా పెద్ద తేడా ఉండదు. గద్వాల@123, జోగులాంబ123, లేదంటే బండి నంబర్ - పాత బండ్లకు గద్వాల అయితే టీఎస్ 33, వనపర్తి అయితే 32, నాగర్‌కర్నూల్ అయితే 31తో మొదలు. ఆరంకెల పిన్ అడిగితే 509125, 509103, 509209. ఊరి పిన్‌కోడ్‌నే ఫోన్ పిన్ చేస్తే, మిమ్మల్ని కాస్త తెలిసినవాడు నాలుగో ప్రయత్నంలో తీసేస్తాడు.

కాబట్టి ముందు చేయాల్సిన పని యాప్ ఇన్‌స్టాల్ చేయడం కాదు. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలోకి వెళ్ళి రికవరీ నంబర్, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. 'యువర్ డివైసెస్'లో గుర్తుపట్టని కంప్యూటర్ ఉంటే సైన్ అవుట్ కొట్టి, పాస్‌వర్డ్ మార్చండి. మిగతా అన్ని సైట్ల 'ఫర్గాట్ పాస్‌వర్డ్' లింక్ వచ్చి పడేది ఈ మెయిల్‌లోనే. అది చేజారితే తక్కినవన్నీ చేజారినట్టే.

నంబర్ విషయంలో ఇంకోటి. మన పాలమూరు నుంచి పనికని హైదరాబాద్, ముంబై, పుణె పోయేవాళ్ళు ఎక్కువ, సిమ్ మార్చడం మామూలు. వాడకుండా, రీచార్జ్ లేకుండా వదిలేసిన నంబర్‌ను కంపెనీ డీయాక్టివేట్ చేస్తుంది. ఆ తర్వాత 90 రోజులు ఆగి దాన్ని కొత్త కస్టమర్‌కు ఇవ్వొచ్చు. మీ పాత నంబర్‌కొచ్చే ఓటీపీ అప్పుడు ఆ కొత్తవాళ్ళ ఫోన్‌లో మోగుతుంది. సిమ్ పడేసే ముందే బ్యాంక్‌లో, మెయిల్‌లో, ఆధార్‌లో నంబర్ మార్చుకోవాలి.

దూరంవాళ్ళ నుంచి

ఇక నిజంగానే ఎక్కడో కూర్చున్నవాళ్ళ సంగతి. వాళ్ళకు మీ పేరు కూడా తెలియదు, అక్కర్లేదు కూడా. 2020లో బిగ్‌బాస్కెట్ డేటా లీకైంది, దాదాపు 2 కోట్ల మందిది. అందులో మెయిల్ ఐడీలతో పాటు హ్యాష్ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా ఉన్నాయి. హ్యాష్ అంటే, పాస్‌వర్డ్‌ను మరలో వేసి పిండి చేసి దాచడం లాంటిది. పిండి నుంచి గింజ తిరిగి రాదు. కానీ ఎస్‌హెచ్‌ఏ-1 లాంటి పాత, వేగమైన పద్ధతి వాడితే, దొంగ దగ్గరున్న గ్రాఫిక్స్ కార్డ్ సెకనుకు వందల కోట్ల గింజలు మర పట్టి ఏ పిండి మ్యాచ్ అవుతుందో చూసుకుంటుంది. గద్వాల@123 అక్కడ ఎంతసేపు నిలబడుతుందో ఆలోచించండి. తర్వాత అదే మెయిల్, అదే పాస్‌వర్డ్‌ను ఇంకో వంద సైట్లలో ఆటోమేటిక్‌గా ట్రై చేస్తారు. దీన్నే క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మీ మెయిల్ ఏ లీక్‌లో ఉందో ట్రాయ్ హంట్ నడిపే 'హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్' సైట్‌లో చూడొచ్చు. అక్కడ పాస్‌వర్డ్ చెక్ చేసే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. మీ పాస్‌వర్డ్‌ను మీ బ్రౌజరే హ్యాష్ చేసి, మొదటి 5 అక్షరాలు మాత్రమే పంపిస్తుంది. ఆ 5తో మొదలయ్యే హ్యాష్‌లన్నీ వెనక్కి వస్తాయి, మీది ఉందో లేదో మీ కంప్యూటరే వెతుక్కుంటుంది. అసలు పాస్‌వర్డ్ గడప దాటదు.

సైట్‌కొక పాస్‌వర్డ్ పెట్టాలి, అదీ పొడవుగా, అర్థం లేకుండా. యాభై అకౌంట్లకు యాభై గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాదు, పాస్‌వర్డ్ మేనేజర్ కావాల్సింది అందుకే. మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే గుర్తుంచుకుంటారు. యాప్ దాన్ని లక్షల సార్లు మర పట్టి ఒక తాళంచెవి తయారు చేస్తుంది (బిట్‌వార్డెన్‌లో కొత్త అకౌంట్లకు డీఫాల్ట్‌గా 6 లక్షల సార్లు), దానితో మీ ఫోన్‌లోనే డేటాకు తాళం వేసి, తాళం వేసిన పెట్టెనే సర్వర్‌కు పంపుతుంది. మీకు అర సెకను ఆలస్యం, ఊహించి కొట్టేవాడికి ఏళ్ళు ఆలస్యం.

"ఆ కంపెనీయే హ్యాక్ అయితే?" అని వెంటనే అడుగుతారు. అయ్యింది కూడా. 2022లో లాస్ట్‌పాస్ నుంచి కస్టమర్ల పెట్టెల బ్యాకప్‌లనే ఎత్తుకెళ్ళారు. లోపలి పాస్‌వర్డ్‌లకు తాళం ఉంది కానీ సైట్ల అడ్రస్‌లకు లేదు. పాత అకౌంట్లు కొన్నిట్లో మర తిప్పిన సంఖ్య కూడా చాలా తక్కువ. ఇలాంటప్పుడు మాస్టర్ పాస్‌వర్డ్ గట్టిగా ఉన్నవాళ్ళు నిదానంగా అన్నీ మార్చుకోగలరు, బలహీనంగా ఉన్నవాళ్ళ పెట్టె తెరుచుకుంటుంది.

మరి ఏది వాడాలి?

ఫోన్ మీ ఒక్కరిదే అయితే, మీ పిన్ ఇంకెవరికీ తెలియకపోతే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ చాలు. ఫ్రీ, ఆల్రెడీ ఫోన్‌లో ఉంది. చిక్కేంటంటే ఫోన్ లాక్ తీయగలిగినవాళ్ళు సాధారణంగా అందులోని పాస్‌వర్డ్‌లన్నీ చూడగలరు. మన ఇళ్ళల్లో ఫోన్ పిన్ చెల్లికి తెలుసు, బావకు తెలుసు, గేమ్స్ ఆడే పిల్లలకు ముందే తెలుసు. అలాంటి ఇంట్లో వేరే మాస్టర్ పాస్‌వర్డ్ ఉండే బిట్‌వార్డెన్ మేలు. ఫ్రీ ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని డివైస్‌లలోనైనా పెట్టుకోవచ్చు. సర్వర్ అనే మాటే నచ్చనివాళ్ళకు కీపాస్‌డీఎక్స్ ఉంది. అంతా ఒక ఫైల్, మీ ఫోన్‌లోనే. కాకపోతే బ్యాకప్ బాధ్యత పూర్తిగా మీది, ఫోన్ జూరాల కాలువలో పడితే ఫైల్ కూడా దానితోనే పోతుంది. నేనైతే వందలో తొంభై మందికి బిట్‌వార్డెనే చెప్తా.

వీటన్నిట్లో పెద్దగా ఎవరూ చెప్పని లాభం ఒకటుంది. ఆటోఫిల్ సైట్ అడ్రస్ చూసి నింపుతుంది. బ్యాంక్ సైట్‌లాగే కనిపించే నకిలీ లింక్ వాట్సాప్‌లో వస్తే మన కన్ను మోసపోవచ్చు, మేనేజర్ మాత్రం అడ్రస్ మ్యాచ్ కాలేదని పాస్‌వర్డ్ చూపించదు. ఎప్పుడూ నింపే యాప్ ఒక్కసారిగా మౌనంగా ఉందంటే ఆగి అడ్రస్ బార్ చదవండి.

మాస్టర్ పాస్‌వర్డ్‌కు సంబంధం లేని ఐదు మాటలు పెట్టుకోండి. నిఘంటువు ఎక్కడపడితే అక్కడ తెరిచి ఏరుకుంటే ఇంకా మంచిది. 'బొగ్గు రైలు గోంగూర తాళం చలికాలం' లాగా (ఇదే పెట్టకండి, ఇప్పుడిది అందరికీ తెలుసు). 7776 మాటల్లోంచి పాచికలేసి ఐదు ఏరితే వచ్చే కాంబినేషన్లు 2 పక్కన 19 అంకెలంత. టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే. తెలుగు లిపిలో ఒకేలా కనిపించే మాట లోపల వేరే కోడ్‌లతో ఉండొచ్చు. ఒక కీబోర్డ్ కనిపించని అక్షరం కలుపుతుంది, ఇంకోటి కలపదు. కొత్త ఫోన్ కొన్నరోజు మీ పెట్టె మీకే తెరుచుకోదు. తాళంలో 'ఎ' ఒకటా రెండా అన్న స్పెల్లింగ్ కూడా ముందే ఖాయం చేసుకోండి.

మేనేజర్‌కూ, మెయిల్‌కూ టూ-స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి. ఎస్ఎంఎస్ కంటే అథెంటికేటర్ యాప్ నయం, పాస్‌కీ ఆప్షన్ ఉంటే అది ఇంకా నయం. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మాస్టర్ పాస్‌వర్డ్ ఎప్పుడూ టైప్ చేయొద్దు. క్రోమ్ గెస్ట్ మోడ్ తెరిచి, ఆ సైట్ పాస్‌వర్డ్ ఒక్కటి ఫోన్‌లో చూసి కొట్టండి. పని అయ్యాక లాగౌట్ చేసి, ఇంటికొచ్చి దాన్ని మార్చేయండి. 'సేవ్ పాస్‌వర్డ్' అని అడిగితే నో.

మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే బిట్‌వార్డెన్ కూడా తిరిగి తెప్పించలేదు. అందుకని దాన్నీ, రికవరీ కోడ్‌లనూ ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టండి. పైన డైరీ కథ చెప్పి ఇప్పుడు రాయమంటున్నానేంది అనుకోవచ్చు. ఆఫీసు టేబుల్ మీది డైరీ ఎవరి నుంచి దాచాలో వాళ్ళ చేతికే అందుతుంది. ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్, పొలం కాగితాలు పెట్టే బీరువా అలా కాదు, అక్కడికి రష్యా హ్యాకర్ రాలేడు, సెంటర్ అన్న రాడు. బీరువా తాళం ఎవరి కొంగుకు ఉంటుందో వాళ్ళకు ఆ కవర్ ఏంటో ఒక మాట చెప్పి ఉంచండి, పాత కరెంటు బిల్లులతో కలిపి పారేయకుండా.