చేను చదువు ఎవరి పిల్లలకు?

మోతీనగర్ నుంచి ఎర్రగడ్డ రైతు బజారు ఎంతో దూరం లేదు. ఒక పక్క బోరబండ బస్తీలు, ఇంకో పక్క సనత్‌నగర్ ఫ్యాక్టరీలు, గుట్టల అవతల జూబ్లీహిల్స్, సినిమావాళ్ళ ఫిలింనగర్. ఈ బస్తీల్లో ఉంటూ ఇటుకలు మోసేవాళ్ళలో, మేడల్లో పాచిపని చేసేవాళ్ళలో ఊళ్ళో చేను పని వదిలి వచ్చినవాళ్ళు ఎంతోమంది. వానల్లేక, పనుల్లేక, అప్పులు తీరక మూట కట్టుకుని నగరానికి వచ్చారు.

వాళ్ళ పిల్లలు ఇవాళ హైస్కూళ్ళలో చదువుతున్నారు. పదో తరగతి అయ్యాక ఏమిటి? ఇంటర్ ఫీజు కట్టే స్తోమత ఉండదు. సెంట్రింగు పనికో, షాపులో సామాన్లు సర్దే పనికో పంపేస్తారు. ఇదే నగరంలో, రాజేంద్రనగర్‌లో, 1964 నుంచీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి పాసైన పిల్లలకు వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో రెండేళ్ళ డిప్లొమా ఉంది. ఆ డిప్లొమాతో తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారి ఉద్యోగానికి, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల వ్యవసాయ సహాయకుల ఉద్యోగానికి అర్హత దొరికింది. అయితే ఈ సంగతి కూలివాళ్ళ ఇళ్ళకు ఎంతవరకు చేరింది? చేరినచోట ఆ తలుపు వాళ్ళకు తెరుచుకుందా? మన ప్రశ్న ఇదీ.

చేతికి తెలిసిందే బడికి తెలియదు

కర్నూలు, పాలమూరు జిల్లాల్లో సీడు పత్తి చేలు చూసినవాళ్ళకు 'క్రాసింగ్' పని తెలుసు. సాయంత్రం పూట, రేపు విచ్చబోయే మొగ్గను వెతికి, రేకులు గిల్లి, లోపలి మగ కేసరాలను తీసెయ్యాలి. కీలం మాత్రం దెబ్బతినకూడదు. మర్నాడు పొద్దున మగ మొక్కల పువ్వులు తెచ్చి ఆ కీలానికి పుప్పొడి రుద్దాలి. సీజను పొడుగునా రోజూ ఇదే పని. దేశంలో వాణిజ్య స్థాయి హైబ్రిడ్ పత్తి 1970లో గుజరాత్‌లో 'హెచ్-4' పేరుతో మొదలైంది. అప్పటినుంచీ ఆ విత్తనం కూలి చేతుల మీదనే తయారవుతూ వచ్చింది. మన జిల్లాల్లో ఆ చేతులు ఎక్కువగా ఆడపిల్లలవి. బడి మానిపించి తెచ్చిన పిల్లలవి.

చేలో ఆ పిల్ల చేసిన పనే సైన్సు పుస్తకంలో 'సంకరణం' అనే పాఠం. ఆ పాఠం చదివిన పిల్లాడికి మార్కులొస్తాయి. వందలాది మొగ్గలు గిల్లిన పిల్లకు దక్కింది రోజు కూలీ. చేతికి విద్య ఉంది, కానీ దానికి పేరూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

అందుకని పిల్లల్ని చేలోనే ఉంచండి, అదే చదువు అని ఎవరైనా అంటే నమ్మవద్దు. బడికి వెళ్ళని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రంతో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లాలో వేలాది పిల్లల్ని పని మాన్పించి బడికి తెచ్చారు. ఆ మాట ఇవాళ్టికీ సరైనదే. బడి మానిపించి చేయించే పని చదువు కాదు, దోపిడీ. బడి లోపల, గురువు పక్కనుండగా, 'ఎందుకిలా?' అని అడిగే హక్కుతో చేసే పని చదువు.

ఒకే మాట, రెండు దారులు

'పని ద్వారా చదువు' కొత్త మాటేం కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ పిలిచిన సభలో ఈ ఆలోచన ముందుకొచ్చింది. దానికి పాఠ్యప్రణాళిక రాసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే.

ఆ మాటనే ఇంకోలా కూడా వాడారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల్లో ఒంటిపూట చదువు పెట్టింది. మిగతా పూట పిల్లలు తండ్రి చేసే పని నేర్చుకోవాలంది. చాకలి కొడుకు చాకిరేవుకు, కూలివాడి కొడుకు కూలికి! ఇది చదువు పేరిట కులాన్ని మళ్ళీ మెడకు కట్టడమేనని జనం ఎదురుతిరిగారు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని రద్దు చేశాడు.

కాబట్టి చేను చదువు అనే మాట వినపడినప్పుడల్లా మనం ఒకటే అడగాలి. ఇది కూలివాడి బిడ్డను పైకి తెచ్చే చదువా, లేక ఉన్నచోటే కట్టేసే చదువా?

అమెరికాలో 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చింది. హైస్కూళ్ళలో వ్యవసాయ విద్యకు కేంద్రం డబ్బిచ్చింది. వ్యవసాయం చదివే పిల్లలు ఏడాదికి కనీసం ఆరు నెలలు పొలంలో పని నేర్చుకోవాలని షరతు పెట్టింది. ఆ పొలం బడి చూపించిందైనా కావచ్చు, వేరేదైనా కావచ్చు అని చట్టంలోనే రాశారు. అంటే తండ్రికి భూమి లేకపోయినా బడి భూమిలో నేర్చుకునే వీలుంది. అలాగని అక్కడ అందరికీ న్యాయం జరిగిందనుకోవద్దు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి పిల్లలకు వేరే బడులు, వేరే విద్యార్థి సంఘం. ఆ సంఘాన్ని తెల్లవారి సంఘంలో కలిపింది 1965లో. చట్టం మంచిదైనా, ఎవరికోసం అమలవుతుందో చూసుకోకపోతే అడుగునున్నవాడు అడుగునే మిగులుతాడు.

ఎకరం ఉంటేనే రైతుబిడ్డా?

మన దగ్గర కాగితాల మీద లక్ష్యాలకు కొదవలేదు. 1990 నాటికి ఇంటర్ స్థాయి పిల్లల్లో 10 శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని వృత్తివిద్యలోకి తేవాలని 1986 విద్యావిధానం చెప్పింది. ఆ గడువులు దాటిపోయాయి, లక్ష్యం నెరవేరలేదు. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని 2020 విధానం చెప్పింది. కొన్ని ప్రభుత్వ హైస్కూళ్ళలో 9వ తరగతి నుంచి వృత్తివిద్య పెట్టారు, అందులో వ్యవసాయమూ ఉంది. మంచిదే. కానీ బడికి గుంట భూమి లేకుండా, బోరు లేకుండా, నల్లబల్ల మీద నాగలి బొమ్మ గీస్తే వ్యవసాయం వస్తుందా?

కాలేజీ గుమ్మం దగ్గర ఇంకో చిక్కుంది. వ్యవసాయ డిగ్రీ సీట్లలో 40 శాతం 'రైతు కోటా' కింద ఇస్తూ వచ్చారు. ఆ కోటాకు ఇంటికి కనీసం ఎకరం భూమి చూపాలి. పల్లె బడిలో కనీసం నాలుగేళ్ళు చదివి ఉండాలి. చిన్న రైతు బిడ్డకు ఇది అండే, కాదనం. మరి సెంటు భూమి లేని కూలివాడి మాటేమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదార్లు సుమారు 65 లక్షలైతే, వ్యవసాయ కూలీలు సుమారు 1 కోటి 70 లక్షలు. చేలో ఎక్కువమంది ఎవరో ఈ లెక్కే చెబుతోంది. నాట్లేసి, కలుపు తీసి, కోతకోసే ఇంటి బిడ్డ రైతుబిడ్డ కాదా? వలసొచ్చి మోతీనగర్ బడిలో చదివిన పిల్లకైతే రెండు దెబ్బలు. ఊళ్ళో భూమీ లేదు, ఊరి బడి ఏళ్ళూ లేవు.

2025లో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం డిగ్రీ సీట్లలో వ్యవసాయ కూలీల పిల్లలకు 15 శాతం కోటా ప్రకటించింది. ఇది ముందడుగు. అయితే కోటా ప్రకటిస్తే చాలదు, ఆ గుమ్మం దాకా వచ్చే పిల్లలు హైస్కూల్లోనే తయారవ్వాలి.

బడి చేలో ఏం నేర్పాలి?

పెద్ద పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెడితే, విత్తనం బాగా మొలుస్తుందో లేదో పిల్లలే తేలుస్తారు. చేలో పలుచోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపడం ఒక్క పూట పని. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపైతే అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ముక్కుకు గుడ్డయినా లేకుండా మందు కొట్టేది కూలివాడే. ఆ త్రికోణాన్ని చదవగలిగిన పిల్ల ఇంట్లో ఉంటే తండ్రి ప్రాణానికి కాపలా. అలాగని బడి పేరుతో పిల్లల చేత మందు కొట్టించడం మాత్రం ఎక్కడా సాగనివ్వకూడదు. మడికి ఎంత ఎరువు, ఎకరం నాటుకు ఎంత కూలి, కనీస వేతనం ఎంత? ఇవన్నీ లెక్కల పాఠాలే. ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఒకే పని, ఒకే పాఠం ఉండాలి.

సంఘాలు చేయాల్సింది

ఒకటి: ప్రతి ప్రభుత్వ హైస్కూలుకూ సాగు చేసుకునే భూమి, నీరు, శిక్షణ పొందిన టీచరు కావాలి. నగరంలో జాగా లేకపోతే దగ్గరి పరిశోధనా క్షేత్రాల్లో పిల్లలకు పని రోజులు కేటాయించాలి.

రెండు: కూలీల పిల్లల కోటా డిప్లొమాకూ, రెండు రాష్ట్రాల్లోనూ రావాలి. వలస కుటుంబాల పిల్లలకు పల్లె బడి షరతు అడ్డు కాకూడదు.

మూడు: ఇది మన చేతిలో ఉన్న పని. ఊరు మారినప్పుడల్లా పిల్లల స్టడీ సర్టిఫికెట్లు బడి నుంచి తీసుకుని భద్రపరచమని ప్రతి ఇంటికీ చెప్పాలి. సీటు దగ్గర అడిగేది ఆ కాగితమే. పదో తరగతి ఫలితాల వేళకు ప్రవేశ ప్రకటన చూసి, బస్తీల్లో, కూలి అడ్డాల దగ్గర చదివి వినిపించాలి. ఏ ఏడు నిబంధన ఆ ఏడు చూసుకోవాలి.

కూలివాడి బిడ్డ చేలోకి మళ్ళీ వెళ్తే వెళ్ళనివ్వండి. అయితే ఆ వెళ్ళడం తన ఇష్టంతో, చదువుతో, సరైన జీతంతో జరగాలి. ఇంకో దారి లేక కాదు.