పాత క్వశ్చన్ పేపర్లు స్టూడెంట్స్‌కి ఇవ్వాలా? వద్దా? సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే..

హైదరాబాద్: సెమిస్టర్ ఎగ్జామ్స్ టైమ్‌టేబుల్ వచ్చిందంటే చాలు.. ఓయూ క్యాంపస్, తార్నాక చుట్టుపక్కల స్టూడెంట్స్ ముందుగా వెతికేది పాత పేపర్ల కోసమే. హాస్టల్లో సీనియర్లను అడుగుతారు. జిరాక్స్ షాపుల్లో ఆరా తీస్తారు. వాట్సాప్ గ్రూపులు జల్లెడ పడతారు. మరి తెలిసిన సీనియర్ ఒక్కరూ లేని స్టూడెంట్ పరిస్థితి ఏంటి? అసలు యూనివర్సిటీలే పాత పేపర్లు అందరికీ ఇవ్వొచ్చా?

కోర్టులు ఏమన్నాయి?

2011 సెప్టెంబర్‌లో సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ కేసులో సుప్రీంకోర్టు దీనిపై క్లారిటీ ఇచ్చింది. పరీక్ష జరిగే వరకే క్వశ్చన్ పేపర్ రహస్యం. పరీక్ష అయిపోయాక బయటపెడితే సంస్థకు నష్టమేమీ లేదని తేల్చింది. అంతకు ముందు నెలలోనే సీబీఎస్ఈ కేసులో, దిద్దిన తమ ఆన్సర్ షీట్లు చూసుకునే హక్కు విద్యార్థులకు ఉందని చెప్పింది.

అయితే 2012లో ఢిల్లీ హైకోర్టు ఎయిమ్స్‌కు మినహాయింపు ఇచ్చింది. సూపర్ స్పెషాలిటీ సబ్జెక్టుల్లో మంచి ఆబ్జెక్టివ్ ప్రశ్నలు తక్కువే ఉంటాయి, అవి బయటికొస్తే బట్టీ పట్టేస్తారన్నది అక్కడి వాదన.

డిగ్రీ, పీజీ పరీక్షల సంగతేంటి?

ఇక్కడ ఆ వాదన నిలబడటం కష్టం. వ్యాసరూప పరీక్షల్లో పేపర్ సాధారణంగా స్టూడెంట్ చేతిలోనే బయటికి వచ్చేస్తుంది. అంటే పాత పేపర్లు ఎలాగూ తిరుగుతూనే ఉంటాయి. అధికారికంగా ఇవ్వకపోతే నష్టపోయేది ఎవరు? హాస్టల్లో లేని డే స్కాలర్, జిల్లాలోని అనుబంధ కాలేజీ స్టూడెంట్, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న అమ్మాయి.

ఇస్తే ఇంపార్టెంట్ క్వశ్చన్లే చదువుతారన్నది లెక్చరర్ల భయం. అందులో నిజం లేకపోలేదు. కానీ అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇస్తేనే ఆ సమస్య. ప్రశ్నలు మారిస్తే బట్టీ ఆగుతుంది, పేపర్లు దాస్తే ఆగదు. యూపీఎస్సీ తన పాత పేపర్లను వెబ్‌సైట్‌లోనే పెడుతోంది.

ఎలా తీసుకోవాలి?

* ముందు కాలేజీ లైబ్రరీలో, డిపార్ట్‌మెంట్‌లో అడగండి.
* దొరక్కపోతే యూనివర్సిటీ సమాచార అధికారికి ఆర్టీఐ దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. అందుకే పరీక్షల ముందు వారం కాదు, సెమిస్టర్ మొదట్లోనే అడగండి.
* సిలబస్ మారిందేమో చూసుకోండి. మారితే పాత పేపర్ తప్పుదారి పట్టిస్తుంది.
* జవాబులు బట్టీ పట్టకుండా, టైమ్ పెట్టుకుని రాసి చూడండి.