ప్రిన్సిపాల్ ముద్ర లేని పత్రిక

దేశ రాజధానిలో విద్యను గూర్చి జరిగే సమావేశాలకు ఏనాడూ కొదవ లేదు. 2013 ఫిబ్రవరిలో ఇక్కడ కమ్యూనిటీ కళాశాలలపై ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. అమెరికా, కెనడా మొదలైన దేశాల నుండి ప్రతినిధులు వచ్చారు. అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి మన కాకినాడ ప్రతినిధి పళ్లంరాజు. దేశంలో రెండు వందల కమ్యూనిటీ కళాశాలలు నెలకొల్పాలన్న సంకల్పం ఆ రోజుల్లోనే రూపు దిద్దుకొన్నది. అంతకుముందే, 1995లో, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఈ పేరుతో ఒక కళాశాలను ప్రారంభించి ఉన్నది. చేతి పనితనం నేర్పి ఉపాధి చూపడం ఈ పథకం ఆశయం. ఆశయం మంచిదే. ఐతే అమెరికా నుండి పేరును తెచ్చుకొన్నాం, నమూనాను తెచ్చుకొన్నాం గాని, ఒక్క వస్తువును మాత్రం ఆవలి రేవులోనే వదలి వచ్చాం. ఆ కళాశాలల విద్యార్థులు నడిపే వార్తాపత్రిక అది. ఆ పత్రికలకు అక్కడ ఏటా ఇచ్చే బహుమతులను గమనించినప్పుడు, మనం వదలివచ్చినది ఎంత విలువైనదో నాకు బోధపడింది.

కమ్యూనిటీ కళాశాల అంటే అమెరికాలో హార్వర్డు కాదు, యేల్ కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో 1901లో వెలసిన జూనియర్ కళాశాల ఈ కోవలో నేటికీ నడుస్తున్న ప్రభుత్వ సంస్థలన్నింటిలో పాతది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం 1947లో సమర్పించిన నివేదికతో "కమ్యూనిటీ కళాశాల" అన్న మాటకు దేశవ్యాప్తంగా ప్రచారం లభించింది. రెండేండ్ల చదువు, తక్కువ ఫీజు, ఇంటికి దగ్గర, ప్రవేశానికి పెద్ద అడ్డంకులు లేకపోవడం వీటి లక్షణాలు. పగలు కొట్లో పనిచేసి సాయంత్రం తరగతికి వచ్చేవారు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, తమ వంశంలో తొలిసారి కళాశాల గడప తొక్కినవారు, బిడ్డల తల్లులు ఇక్కడ చదువుతారు. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇటువంటి ప్రభుత్వ కళాశాలలు 116 ఉన్నాయి. ఆ రాష్ట్రంలో వీటి పాలకమండలి సభ్యులను స్థానిక ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకొంటారు. కావున కళాశాల ఖర్చుపెట్టే ప్రతి డాలరూ ప్రజల సొమ్మే; దాన్ని గూర్చి రాసే విద్యార్థి పత్రిక ఆటవస్తువు కాదు, ఆ సొమ్ముకు కావలి.

ఈ పత్రికలకు బహుమతులిచ్చే సంప్రదాయం చాల పాతది. కళాశాల పత్రికల సమాఖ్య అయిన అసోసియేటెడ్ కాలేజియెట్ ప్రెస్ గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే పుట్టింది. పేస్‌మేకర్ అన్న పేరుతో విద్యార్థి పత్రికలకు ఇచ్చే బహుమతి 1927 నుండి వస్తున్నది. అందులో రెండేండ్ల కళాశాలల పత్రికలను వాటితో సమానమైన వాటి సరసనే నిలిపి చూస్తారు గాని, కోట్ల డాలర్ల నిధులున్న విశ్వవిద్యాలయాల పత్రికలతో తూచరు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కళాశాలల జర్నలిజం సంఘం ఏటా సభలు జరిపి, అక్కడికక్కడే పోటీలు పెడుతుంది. ఉపన్యాసం విని, గడువు లోపల వార్త రాసి ఇవ్వాలి. గడువు దాటితే ఎంత చక్కని వార్త ఐనా చిత్తుకాగితమే. పత్రికా కార్యాలయంలో నలిగినవారికి ఆ గడియారపు విలువ వేరే చెప్పనక్కరలేదు. 1909లో ఇండియానాలోని డిపా విశ్వవిద్యాలయంలో పదిమంది విద్యార్థులు పెట్టుకొన్న చిన్న సంఘమే తర్వాత వృత్తి పాత్రికేయుల జాతీయ సంస్థగా ఎదిగి, నేడు తానే విద్యార్థులకు బహుమతులిస్తున్నది.

ఈ బహుమతులన్నింటిలోను గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నిర్ణేతలు కళాశాలకు బయటివారు. ప్రిన్సిపాల్‌కు ఇష్టమైన సంచిక ఏదని అక్కడ ఎవరూ అడగరు. పైపెచ్చు, ప్రిన్సిపాల్‌కు బొత్తిగా ఇష్టంలేని సంచికకే బహుమతి వచ్చిన సందర్భాలున్నాయి.

మెక్సికో సరిహద్దున ఉన్న చులావిస్టా పట్టణంలోని సౌత్‌వెస్టర్న్ కళాశాల ఉదంతం ఇందుకు నిదర్శనం. 2009 అక్టోబరులో తరగతుల కోతపై విద్యార్థులు నిరసన ప్రదర్శన జరిపితే, యాజమాన్యం నలుగురు అధ్యాపకులను విధుల నుండి తప్పించింది. కళాశాల పత్రిక "సన్" ఈ వ్యవహారాలను వెంటాడి రాసింది. 2010 నవంబరులో పాలకమండలి ఎన్నికలు రానున్నాయి. వాటికి కొన్ని వారాల ముందు యాజమాన్యం ఏనాడూ అమలుకాని ఒక పాత నిబంధనను పెట్టెలోనుండి తీసి, దాని ప్రకారం ముద్రణ సాగరాదని అడ్డుపెట్టింది. వ్యాసాలపై ఆంక్ష లేదు, సంపాదకునిపై చర్య లేదు. కాగితానికి, సిరాకు మాత్రమే అడ్డు. పరోక్ష సెన్సార్ ఎట్లా పనిచేస్తుందో 1975 జూన్‌లో ఢిల్లీ పత్రికల ముద్రణాలయాలకు కరెంటు పోయిన రాత్రిని ఎరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. విద్యార్థులు బయట విరాళాలు పోగుచేసి, పోలింగుకు ముందే సంచికను అచ్చువేసి పంచారు. ఎన్నికలు జరిగిన నెలలోనే కళాశాల అధ్యక్షుడు పదవిని విడిచాడు. 2008లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన 38.9 కోట్ల డాలర్ల బాండ్ల పనుల కాంట్రాక్టులకు, అధికారులు పుచ్చుకొన్న విందులకు, కానుకలకు సంబంధం ఉన్నదంటూ శాన్ డియేగో జిల్లా ప్రాసిక్యూటరు తర్వాత కేసులు పెట్టింది; పలువురు నేరం ఒప్పుకొన్నారు. ఇదంతా ఒక్క విద్యార్థి పత్రిక చలవే అనడం అతిశయోక్తి. ఐతే పెద్దలు చూడని వైపు చూసే కన్ను ఒకటి ఆ ఆవరణలో తెరచుకొని ఉన్నదన్నది నిజం. 2011లో ఆ పత్రికకు కళాశాల పత్రికా స్వేచ్ఛ బహుమతి లభించింది.

అంతమాత్రాన అమెరికాను స్వర్గంగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలో కొందరు పిల్లలు చేతికి నల్లపట్టీలు కట్టుకొని బడికి వస్తే, వారిని ఇంటికి పంపారు. బడి గేటు దగ్గర విద్యార్థి తన వాక్ స్వాతంత్ర్యాన్ని వదలి రానక్కరలేదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పింది. అదే న్యాయస్థానం 1988లో వెనుకకు నడిచింది. మిస్సోరీలోని ఒక హైస్కూలు పత్రికలో బాలికల గర్భధారణను, తల్లిదండ్రుల విడాకులను గూర్చిన వ్యాసాలున్న రెండు పుటలను ప్రిన్సిపాల్ తీసివేయడం చెల్లుతుందని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. ఆ సూత్రం హైస్కూలుతో ఆగలేదు. 2000లో ఇల్లినాయ్‌లోని ఒక విశ్వవిద్యాలయపు డీన్, తమ అనుమతి లేనిదే విద్యార్థి పత్రికను అచ్చువేయరాదని ముద్రాపకుడికి ఫోను చేసింది. ఆ కేసులో అప్పీలు కోర్టు 2005లో డీన్ పక్షాన తీర్పునిచ్చింది. దానికి జవాబుగా కాలిఫోర్నియా శాసనసభ మరుసటి ఏడే తన ప్రభుత్వ కళాశాలల్లో ముందస్తు సెన్సార్‌కు తావులేకుండా చట్టం చేసింది. 2007లో ఇల్లినాయ్ కూడ అదే బాట పట్టింది. స్వేచ్ఛ ఎవరో ప్రసాదించినది కాదు; ఒక మెట్టు ఎక్కి, రెండు మెట్లు జారి, మళ్లీ ఎక్కి సంపాదించినది. విద్యార్థి పత్రికలకు ఉచితంగా న్యాయసహాయం అందించే సంస్థ ఒకటి 1974 నుండి అక్కడ పనిచేస్తున్నది. బహుమతి వెనుక ఇంత బలగం ఉన్నది.

నల్లపట్టీల కథ వింటే తెలుగువారికి రాజమహేంద్రవరం గుర్తుకు రాకమానదు. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తర్వాత అక్కడి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఆగ్రహించాడు. బహిష్కృతులైన వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. చదువు పోగొట్టుకొన్న ఆ విద్యార్థి "స్వరాజ్య" పత్రికా సంపాదకుడై, 1908లో ఒక వ్యాసానికిగాను కారాగారానికి వెళ్లాడు. మన పత్రికా చరిత్రలో విద్యార్థి ధిక్కారానికి, సంపాదకుని కలానికి మధ్య దూరం ఒక్క ఏడాదే. స్వాతంత్ర్యం వచ్చాక, 1986లో, జాతీయ గీతం సమయంలో గౌరవంగా నిలబడి కూడ పాడనందుకు కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుండి తొలగిస్తే, వారిని తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసినది జస్టిస్ చిన్నపరెడ్డి. కావున ఈ విలువ మనకు దిగుమతి సరుకు కాదు. మన అటక మీదనే ఉన్నది, దించుకోవలసిన పని మాత్రమే మిగిలింది.

పొరుగున బంగ్లాదేశ్‌లో ఇంకొక పద్ధతి ఉన్నది. అక్కడ పలు విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే దినపత్రికలకు ఆవరణ విలేకరులుగా పనిచేస్తారు. 2019 సెప్టెంబరులో గోపాల్‌గంజ్‌లోని విశ్వవిద్యాలయంలో ఇటువంటి విద్యార్థిని ఒకామెను సస్పెండు చేశారు. విశ్వవిద్యాలయం అసలు పని ఏమిటని ఆమె ఫేస్‌బుక్‌లో అడగడం నేరమైంది. విద్యార్థులు కదిలారు, సస్పెన్షన్ రద్దయింది, నెల తిరగకముందే ఉపకులపతి రాజీనామా ఇచ్చాడు. ఆమె అడిగిన ప్రశ్నకు అంతకన్న మంచి జవాబు ఎవరు చెప్పగలరు?

ఇక మన సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధన 1954లోనే మొదలైంది. ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ 1965లో వెలసింది. ఇటువంటి చోట్ల విద్యార్థులు అభ్యాసం కోసం పత్రికలు తీసుకువస్తారు. అవి ఎక్కువగా పాఠంలో భాగం, మార్కులకు లోబడినవి. తక్కిన కళాశాలల్లో మనం ఎరిగినది వార్షిక సంచిక. మొదటి పుటలో యాజమాన్యం వారి ఛాయాచిత్రం, రెండవ పుటలో ప్రిన్సిపాల్ సందేశం, ఆ తర్వాత అమ్మ మీద ఒక కవిత, సమయపాలన మీద ఒక వ్యాసం, చివర క్రీడల విజేతల జాబితా. నేను చదివిన కళాశాలలో ఒక మిత్రుడు హాస్టలు మెస్సు లెక్కలపై వ్యాసం రాసి ఇచ్చాడు. సంచిక వెలువడినప్పుడు ఆ చోట పర్యావరణంపై నినాదాలు ఉన్నాయి. ఎవరూ అతన్ని మందలించలేదు, కారణమూ చెప్పలేదు. అడగకూడనిది ఏమిటో మాటలేకుండానే మా అందరికీ తెలిసిపోయింది. ఆ పాఠం ఏ పాఠ్యప్రణాళికలోను లేదు గాని, మేము నేర్చుకొన్నవాటిలో అదే గట్టిగా నిలిచింది.

విద్యార్థుల చేతికి పత్రిక ఇస్తే అది ఏదో ఒక పార్టీ కరపత్రంగా మారుతుందని పెద్దలు భయపడతారు. ఈ భయం నిరాధారమని నేను అనను. ఐతే కరపత్రానికి, పత్రికకు తేడా నేర్పే సాధనాల్లో బహుమతి ఒకటి. ఎదుటి పక్షం మాట అడిగి రాశారా, లెక్క సరిచూశారా, తప్పు దొర్లితే సవరణ వేశారా అని బయటి నిర్ణేత పరిశీలిస్తాడని తెలిస్తే, కుర్రవాడి కలం దానంతట అదే నిదానిస్తుంది. ప్రిన్సిపాల్ కత్తెర భయాన్ని నేర్పుతుంది. నిర్ణేత తూకం బాధ్యతను నేర్పుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోను మీడియా అకాడమీలున్నాయి. ప్రభుత్వ డిగ్రీ, జూనియర్, పాలిటెక్నిక్ కళాశాలల్లో చదివేవారు పెక్కుమంది రైతుల, కూలీల, చిరుద్యోగుల బిడ్డలే. అమెరికాలో కమ్యూనిటీ కళాశాలకు వచ్చేవారికి వీరే సాటి. ఈ కళాశాలల విద్యార్థి పత్రికలకు ఏటా ఒక బహుమతి ఏర్పరచడానికి అకాడమీలకు పెద్ద నిధులు అక్కరలేదు. నియమాలు మూడే. సంపాదకుడు విద్యార్థియే కావాలి. అచ్చుకు ముందు యాజమాన్యం చూడరాదు. నిర్ణేతలు ఆ జిల్లాకు బయటివారై ఉండాలి. గోడకు అంటించే నాలుగు పుటల పత్రిక ఐనా సరే, అర్హమే. ఉపకారవేతనాలు ఎందుకు ఆలస్యమైనవి, ప్రయోగశాలలో పరికరాలు ఎన్ని పనిచేస్తున్నవి, హాస్టలు బియ్యం ఎక్కడికి పోతున్నవి అన్నవి అందులో వార్తలు కావాలి. ఈ మూడింటిపై ఢిల్లీలో లోక్‌సభలో ప్రశ్నలు పడతాయి; మంత్రులు అంకెలతో జవాబులిస్తారు. ఆ అంకెలు నిజమో కాదో తెలిసినవాడు మాత్రం అక్కడ, ఆ హాస్టలు గదిలో, వాటి గూర్చి రాయడానికి చోటు లేక కూర్చొని ఉన్నాడు.