దెబ్బ ఎక్కడ వేద్దాం?

"దొంగతనానికి వెళ్దాం రండి" అంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. మా ఇంట్లో మాత్రం ఆదివారం అన్నాలయ్యాక ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. కంగారు పడకండి! ఇది బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. పేరు 'బ్లేడ్స్ ఇన్ ది డార్క్'. జాన్ హార్పర్ రూపొందించిన ఈ ఆటను 2017లో ఎవిల్ హ్యాట్ సంస్థ పుస్తకంగా తెచ్చింది.

సూర్యుడు ముక్కలైపోయిన లోకంలో డాస్క్‌వోల్ అనే చీకటి నగరం. నిండా దయ్యాలు, ముఠాలు. మనదీ ఓ చిన్న ముఠా. ఒకరు గేమ్ మాస్టర్‌గా ఊరినీ, పోలీసులనీ నడిపిస్తారు. మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర. లూడో పాచికలు కొన్ని ఉంటే చాలు. వేసినవాటిలో పెద్ద అంకె చూస్తాం. ఆరు పడితే పని అయినట్టే. నాలుగు, అయిదు అయితే పని అవుతుంది కానీ వెంట ఏదో చిక్కు తెస్తుంది. మూడు లోపయితే... ఇక చెప్పేదేముంది!

ఇలాంటి ఆటల్లో చాలావాటికి కథను మాస్టరే సిద్ధం చేసుకొస్తారు. ఇక్కడ ఎవరిని దోచాలో ఆడేవాళ్లే తేల్చాలి. మాస్టర్ని నేనే. మా తోడికోడలు నాకన్నా పెద్దది. "ఏం చేద్దామక్కా?" అంటే "నీ ఇష్టమే" అనేది. వంటింట్లోనూ అదే మాట, పెళ్లిళ్లకు చీరలు కొనేటప్పుడూ అదే మాట. కానీ ఎవరో ఒకరు ఏదో ఒకటి కావాలనుకోకపోతే ఈ ఆట అంగుళం కదలదు.

అందుకని "ఏం చేద్దాం" అనడం మానేశాను. పాత్ర కాగితం ముందు పెట్టి, "నీ స్నేహితురాలికి వచ్చిన కష్టమేంటి? నీ శత్రువు దేన్ని ప్రాణంలా దాచుకుంటాడు?" అని అడగడం మొదలుపెట్టాను. ప్రతి పాత్రకూ ఒక ఆప్తుడు, ఒక శత్రువు, ఒక వ్యసనం ఉంటాయి. వ్యసనాల్లో జూదం, విలాసాలతోపాటు 'బాధ్యత' కూడా ఉందండోయ్! కుటుంబం కోసం పాటుపడితే ఒత్తిడి తగ్గుతుందట. ఇది విని మా అక్క చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ దాన్నే ఎంచుకుంది.

ఆమె పాత్ర చెల్లెలి గాజులు తాకట్టులో ఉన్నాయని తనే కల్పించింది. వడ్డీవ్యాపారి ఇల్లు దోచుకుందామన్నారు పిల్లలు. "నగలెందుకు? అప్పుల పుస్తకం ఎత్తుకొద్దాం" అంది మా అక్క. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఈ ఆలోచన నాకు వచ్చేదే కాదు.

గంటలకొద్దీ పథకాలు వేసుకునే పనిలేదు. దొంగచాటుగానా, మోసంతోనా, ముఖాముఖిగానా అని తేల్చి, ఒక్క వివరం చెబితే చాలు. వాళ్లు దొంగచాటు అన్నారు, దారి పెరటి తలుపు అన్నారు. పాచిక వేసి నేరుగా ఇంట్లోకే! లోపల కుక్క అడ్డమొస్తే "నిన్ననే పనిమనిషితో మాట్లాడి పెట్టాను" అని వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. ఏర్పాటు తేలికైనదైతే ఊరికే వస్తుంది, లేదంటే కాస్త ఒత్తిడి మోయాలి. తొమ్మిది గళ్లు నిండితే ఆ పాత్ర ఆ పూటకు అవుట్, మనసుకు మాయని దెబ్బ కూడా.

పుస్తకమైతే దొరికింది. అయిదు పడింది కనుక పనిమనిషి వీళ్ల ముఖాలు చూసేసింది. ఇక తర్వాతి కథ కోసం నేను వెతుక్కోనక్కర్లేదు. అప్పు తీరినవాళ్ల అభిమానం ఒకవైపు, వడ్డీవ్యాపారి పిలిపించిన రౌడీలు ఇంకోవైపు.

హత్యలు, మత్తుమందుల ప్రస్తావన ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు వద్దు. పెద్దవాళ్లయినా ఏ విషయాలు రాకూడదో ముందే అనుకోవడం మంచిది. మాలో ఒకరు పసిపిల్లలకు హాని జరిగే కథ వద్దన్నారు, తీసేశాం.

పనిమనిషిని ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. బెదిరిద్దామంటున్నారు పిల్లలు. మా అక్క మాత్రం ఆమెకు ముఠాలో వాటా ఇద్దామని పట్టుబట్టి కూర్చుంది.