కాషాయానికి ఓటుతో పనేముంది?

2024 ఎన్నికల ముందు నేను ధర్మవరంలో రైలెక్కి హిందూపురం వస్తున్నా. పెనుకొండ కోట దాటేదాకా బోగీలో ఒకటే ముచ్చట: పరిపూర్ణానంద స్వామి హిందూపురం బరిలో దిగుతారంట! ఇంటికొచ్చి అవ్వకు చెప్తే, ‘సన్నాసికి ఓటుతో ఏం పని నాయనా?’ అనేసింది.

ఆ మాట నన్ను వదల్లేదు. వెతికితే పాత సమాధానం ఒకటి దొరికింది. మన సీమను 1800లో ఇంగ్లిషోళ్లకు అప్పజెప్పింది నిజామే కదా. ఆ నిజాం సంస్థానాన్నే తర్వాత ఎదిరించినవారిలో ముఖ్యుడు ఒక సన్యాసి. ఆయనే స్వామి రామానంద తీర్థ.

1903లో పుట్టారు. అసలు పేరు వెంకటేశ్ ఖేడ్గీకర్. మొదట కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి దగ్గర పనిచేశారు, తర్వాత బడిలో పాఠాలు చెప్పారు. సన్యాసం తీసుకున్నాక అందరూ ఆశ్రమం కడతారనుకుంటారు కదా. ఈయన మాత్రం సత్యాగ్రహం చేసి 1938లో జైలుకెళ్లారు. అప్పుడు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌పై నిషేధం ఉండేది. అది 1946లో తొలగాక ఆ పార్టీని నడిపించింది ఈయనే.

1947 ఆగస్టు 15న దేశమంతా పండగ. హైదరాబాద్‌లో మాత్రం త్రివర్ణ పతాకం ఎగరేయమన్నందుకు స్వామీజీని అరెస్టు చేశారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయేనాటికీ ఆయన జైల్లోనే ఉన్నారు.

ఆ తర్వాత 1952లో గుల్బర్గా నుంచి, 1957లో ఔరంగాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచారు. మంత్రి పదవి మాత్రం తీసుకోలేదు. తాను పోరాడి కలిపిన హైదరాబాద్ రాష్ట్రాన్నే భాషల వారీగా విడదీయాలన్నారు. 1956లో అదే జరిగింది. మన మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు ఈయన శిష్యుడే. 1972లో స్వామీజీ కన్నుమూశారు. బేగంపేటలో ఆయన స్మారకం ఉంది.

ఇదంతా ఫోన్లో చూపిస్తూ అవ్వకు చెప్పాను. చింతపండు ఒలుస్తూనే విన్నది. ‘అయితే ఆయప్ప గెలిచి ఏం సంపాదించుకున్నాడు?’ అనడిగింది.

‘ఏమీ లేదవ్వా.’

‘అట్లాంటోడైతే వేయొచ్చులే’ అంది.

కాషాయమైనా, తెల్లచొక్కా అయినా, సినిమా గ్లామరైనా మా అవ్వ లెక్క ఒక్కటే. రేపు మీ వీధికి ఎవరొచ్చి చేతులు జోడించినా, ఏం వేసుకున్నారని కాదు, ఏం వదులుకున్నారని అడగండి.